రోడ్ సైకిల్ హ్యాండిల్ ఎంత ఎత్తులో ఉండాలి? చేతులు తిమ్మిరెక్కేవాళ్ళ కోసం ఒక ఎపిసోడ్

ఇవాళ్టి టాపిక్ వినడానికి చాలా చిన్నది. రోడ్ సైకిల్ హ్యాండిల్ ఎత్తు. "అదేముంది, రెండు బోల్టులు లూజ్ చేసి పైకి లాగితే సరిపోతుంది కదా" అనుకునేవాళ్ళు ఈ ఎపిసోడ్ కచ్చితంగా చివరిదాకా చూడాలి. ఎందుకంటే రోడ్ సైకిల్‌లో హ్యాండిల్ అలా పైకి రాదు. రాని దాన్ని బలవంతంగా తెప్పిస్తే ఏమవుతుందో కూడా చెప్తాను.

ముందు ఒక మాట. మన దగ్గర బైక్ అంటే మోటార్ సైకిలే. "రోడ్ బైక్ కొన్నాను" అని ఇంట్లో చెప్తే మా అమ్మ లైసెన్స్ ఉందా అని అడిగింది. అందుకని ఈ ఎపిసోడ్ మొత్తం సైకిల్ అనే అంటాను. సన్న టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్ ఉండే సైకిల్. హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ పక్కన 2023లో ఓపెన్ చేసిన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ ట్రాక్ ఉంది కదా, ఒక ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్తే ఇలాంటివి చాలా కనిపిస్తాయి. అక్కడే ఇంకొకటి కూడా గమనించండి. చాలామంది నడుపుతూ నడుపుతూ ఒక చెయ్యి తీసి విదిలిస్తుంటారు. కాసేపయ్యాక రెండో చెయ్యి. అది స్టైల్ కాదు, తిమ్మిరి.

నా పాత ఆఫీసులో ఒక టీమ్‌మేట్ ఉన్నాడు. సెకండ్ హ్యాండ్‌లో మంచి రోడ్ సైకిల్ కొన్నాడు. 200 కిలోమీటర్ల బ్రెవే చెయ్యాలని వాడి కోరిక. బ్రెవే అంటే రేసు కాదు, 13 గంటల 30 నిమిషాల్లోపు దూరం పూర్తి చేస్తే చాలు. కానీ 40 కిలోమీటర్లు దాటితే చాలు, వాడికి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారిపోయేవి. మొదట్లో సాయంత్రానికి తగ్గేది. తర్వాత సోమవారం దాకా ఉండేది. మన పనిలో ఎంటర్, షిఫ్ట్ నొక్కేది చిటికెన వేలేగా! "సైకిల్ నాకు పడట్లేదు, కొన్న రేటులో సగానికైనా అమ్మేస్తాను" అన్నాడు. అమ్మొద్దు, ముందు టేపు పట్టుకురా అన్నాను.

ఆ రెండు వేళ్ళే ఎందుకు అన్నదాంట్లో ఒక లాజిక్ ఉంది. మోచేతి దగ్గర దెబ్బ తగిలితే జివ్వుమని కరెంటు కొట్టినట్టు అవుతుంది కదా, అది అల్నార్ నరం. అదే నరం కిందికి వచ్చి, అరచేతిలో చిటికెన వేలి వైపు ఒక ఇరుకు దారి గుండా వెళ్తుంది. హ్యాండిల్ మీద బరువంతా అక్కడ పడితే నరం నలుగుతుంది. దీన్ని డాక్టర్లు సైక్లిస్ట్ పాల్సీ అంటారు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే అది ఇంకో నరం, మీడియన్ నరం. అది మణికట్టు వంచి పట్టుకునేవాళ్ళకి ఎక్కువ. ఇక్కడ సీరియస్‌గా ఒక మాట చెప్తాను. దిగిన తర్వాత కూడా రోజుల తరబడి తిమ్మిరి పోకపోయినా, పట్టు తగ్గినా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా, అలెన్ కీ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అప్పుడు వీడియోలు చూస్తూ కూర్చోవద్దు, నాదైనా సరే.

ఇప్పుడు అసలు విషయం. హ్యాండిల్ ముట్టుకునే ముందు సీటు చూడాలి. ఎందుకంటే చేతుల మీద పడే బరువు చాలాసార్లు సీటు నుంచి జారి వచ్చిన బరువే. సైకిల్‌ని చదునైన నేల మీద నిలబెట్టి, సీటు మీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్ ఓపెన్ చెయ్యండి. ముక్కు కిందికి వాలి ఉంటే మీరు ప్రతి నిమిషం ముందుకు జారుతుంటారు, ఆ జారుడిని ఆపేది చేతులే. మా వాడి సీటు ముక్కు స్పష్టంగా కిందికి ఉంది. "అలా ఉంటే కూర్చోడానికి సుఖం" అని పాత ఓనర్ చెప్పాడట. ఎత్తు కూడా చూడండి. సీటు మీద కూర్చుని, పెడల్ అన్నిటికంటే కింద ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. ఇది మోటు లెక్కే గానీ మొదలుపెట్టడానికి చాలు.

సీటు సరిచేశాక ఒక వారం నడపండి. అవును, వారం. కోడ్ రాసేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, ఒకేసారి రెండు వేరియబుల్స్ మారిస్తే బగ్ ఎక్కడుందో జన్మలో తెలియదు.

తర్వాత టేపు తియ్యండి. నేల నుంచి సీటు పైభాగం దాకా ఒక కొలత. నేల నుంచి హ్యాండిల్ పైభాగం దాకా, అంటే స్టెమ్ పక్కన ఉండే తిన్నని గొట్టం దాకా ఇంకో కొలత. రెండోది మొదటి దాంట్లోంచి తీసెయ్యండి. వచ్చేదాన్ని డ్రాప్ అంటారు. మా వాడిది సీటు 97 సెంటీమీటర్లు, హ్యాండిల్ 88.5. డ్రాప్ 8.5 సెంటీమీటర్లు. రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చునే నడుముకి, ఇంతవరకు వంగి కాలి వేళ్ళు ముట్టుకోని మనిషికి అది చాలా ఎక్కువ. నన్నడిగితే కొత్తవాళ్ళు సీటుతో సమానంగా గానీ, 2, 3 సెంటీమీటర్లు కిందికి గానీ పెట్టుకుని మొదలుపెట్టాలి. టీవీలో టూర్ డి ఫ్రాన్స్ వాళ్ళని చూసి స్టెమ్‌ని అట్టడుగుకి దింపేసేవాళ్ళు మనలో ఉన్నారు. ఆ రైడర్లు రోజూ గంటల తరబడి అదే పనిలో ఉంటారు. వాళ్ళ నడుములు వేరు, మన నడుములు వేరు.

పోనీ గొప్పవాళ్ళంతా ఒకసారి సెట్ చేసుకుని మర్చిపోయారా అంటే అదీ లేదు. ఎడ్డీ మెర్క్స్ పేరు విన్నారు కదా, ఐదు టూర్ డి ఫ్రాన్స్‌లు గెలిచినాయన. 1969లో బ్లువా ఊళ్ళో ట్రాక్ మీద ఘోరంగా పడ్డాడు. ఆ తర్వాత నడుం నొప్పి ఆయన్ని వదల్లేదు. రేసు మధ్యలో కూడా సీటు ఎత్తు మార్చుకునేవాడని పేరు. కాబట్టి మీరు రెండు మూడుసార్లు మార్చుకుంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక హ్యాండిల్ పైకి రావాలంటే ఏం చెయ్యాలి? ముందు మీ సైకిల్‌లో ఏ రకం స్టెమ్ ఉందో చూడాలి. మన నాన్నల కాలం నల్ల సైకిళ్ళలో, పాత రోడ్ సైకిళ్ళలో హ్యాండిల్ కాడ ఫోర్క్ గొట్టం లోపలికి దిగి ఉంటుంది. దాన్ని క్విల్ స్టెమ్ అంటారు. పైన ఉన్న బోల్టుని మూడు నాలుగు చుట్లు విప్పి, చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే లోపల చీల వదులవుతుంది, హ్యాండిల్ పైకి కిందికి కదులుతుంది. దాంట్లో ఒకే ఒక్క రూలు. కాడ మీద ఒక గీత ఉంటుంది, అది బయటికి కనపడకూడదు. కనపడిందంటే లోపల పట్టు చాలట్లేదని అర్థం.

ఇప్పటి సైకిళ్ళలో దాదాపు అన్నీ థ్రెడ్‌లెస్. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి. ఫోర్క్ నుంచి పైకి వచ్చే గొట్టం స్టీరర్. దాన్ని బయటినుంచి పట్టుకుని ఉన్నది స్టెమ్. స్టెమ్ కింద ఉంగరాల్లా ఉన్నవి స్పేసర్లు. అన్నిటి మీద టాప్ క్యాప్, దాని మధ్యలో ఒక బోల్టు. ఈ బోల్టు హ్యాండిల్‌ని పట్టుకుని ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. అది బేరింగుల మీద కొద్దిగా ఒత్తిడి తేవడానికి మాత్రమే. నిజంగా పట్టుకునేది స్టెమ్ వెనక పక్కనున్న రెండు బోల్టులు. ఈ ఒక్క తేడా అర్థమైతే మిగతా పని సగం అయిపోయినట్టే.

స్టెమ్ పైన కూడా స్పేసర్లు ఉంటే మీ అదృష్టం. పైవి తీసి కిందికి వేస్తే స్టెమ్ పైకి వస్తుంది. స్టీరర్ గొట్టం నిటారుగా ఉండదు, మామూలు రోడ్ సైకిల్‌లో నేలకి 73 డిగ్రీల దగ్గర వాలి ఉంటుంది. అందుకని 10 మిల్లీమీటర్ల స్పేసర్ కిందికి వేస్తే హ్యాండిల్ సుమారు 9.5 మిల్లీమీటర్లు పైకి, 3 మిల్లీమీటర్లు మీ వైపుకి వస్తుంది. రెండూ మనకి కావల్సినవే.

పైన స్పేసర్లు లేవనుకోండి. అప్పుడు కొత్త స్పేసర్లు కొని కింద వేసేద్దాం అనిపిస్తుంది. ఇదే నేను మొదట్లో చెప్పిన బలవంతం. దయచేసి చెయ్యకండి. స్టీరర్ పొడవు పెరగదు కదా. మీరు కింద స్పేసర్ వేసినకొద్దీ స్టెమ్ లోపల గొట్టం తగ్గిపోతుంది. ఒక స్థాయి దాటితే వెనకున్న రెండు బోల్టుల్లో పైది గాలిని పట్టుకుని ఉంటుంది. బయటికి అంతా బాగానే కనిపిస్తుంది, టైట్‌గా కూడా ఉంటుంది. ఒక గుంతలో ముందు చక్రం పడిన రోజు తెలుస్తుంది. స్టెమ్ పైఅంచుకి గానీ, పైన స్పేసర్ ఉంటే దాని పైఅంచుకి గానీ, స్టీరర్ సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే కింద ఉండాలి. అంతకంటే లోతుగా ఉంటే ఆ సెటప్ తప్పు.

స్టీరర్ దగ్గర తేడా వస్తే ఏమవుతుందో 2006 పారిస్–రూబే రేసులో ప్రపంచమంతా చూసింది. జార్జ్ హింకపీ రాళ్ళ రోడ్డు మీద పోతుండగా స్టీరర్ విరిగి హ్యాండిల్ చేతిలోకి వచ్చేసింది. బ్రేకులు ఉండేది కూడా హ్యాండిల్ మీదే కదా. కాసేపు బ్యాలెన్స్ చేశాడు గానీ పడిపోయాడు, భుజానికి దెబ్బ తగిలింది. అది స్పేసర్ల వల్ల జరిగిందని నేను అనట్లేదు, ఆయన అంతకుముందు అదే రేసులో ఒకసారి పడ్డాడు. నేను చెప్పేది ఒక్కటే, సైకిల్‌లో చైన్ తెగితే నడిచి ఇంటికొస్తాం, స్టీరర్ అలా కాదు.

మరి దారి ఏంటి? స్టెమ్ తిరగేయడం. పైసా ఖర్చు లేదు. చాలా స్టెమ్‌ల మీద చిన్న అక్షరాల్లో 6 డిగ్రీలు, 7 డిగ్రీలు అని రాసి ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు ఆ కోణం కిందికి ఉండేలా బిగించి పంపిస్తారు. దాన్ని విప్పి తలకిందులుగా బిగిస్తే కోణం పైకి వస్తుంది. లెక్క వేద్దాం, ట్రిగనామెట్రీ ఇంటర్‌తో పోయిందనుకున్నారా! స్టీరర్ 73 డిగ్రీలు కాబట్టి దానికి లంబంగా గీసిన గీత ముందుకి 17 డిగ్రీలు పైకి లేచి ఉంటుంది. స్టెమ్ 6 డిగ్రీలు కిందికి ఉంటే నేలతో కోణం 11. తిరగేస్తే 23. స్టెమ్ పొడవు 100 మిల్లీమీటర్లు అయితే, సైన్ 11 ప్రకారం ఎత్తు 19, సైన్ 23 ప్రకారం 39. అంటే హ్యాండిల్ 20 మిల్లీమీటర్లు పైకి. కొసైన్‌తో చూస్తే 98 నుంచి 92, అంటే 6 మిల్లీమీటర్లు దగ్గరికి. అదీ చాలకపోతే 17 డిగ్రీల స్టెమ్ కొనుక్కుని పైకి బిగించండి, మొదటి పొజిషన్ నుంచి 37 మిల్లీమీటర్లు పైకి, 15 మిల్లీమీటర్లు దగ్గరికి వస్తుంది. లోగో తలకిందులవుతుంది, ఫోటోల్లో బాగోదు అంటారు కొందరు. నేనైతే ఆ మాట పట్టించుకోను.

ఇప్పుడు చేద్దాం. సైకిల్‌ని స్టాండ్‌కి వేలాడదీయకండి, ముందు చక్రం నేల మీదే ఉంచండి, లేకపోతే ఫోర్క్ జారి కింద పడుతుంది. విప్పే ముందు అన్ని వైపుల నుంచి ఫోటోలు తియ్యండి, రోల్‌బ్యాక్‌కి పనికొస్తాయి. స్టెమ్ ముందున్న నాలుగు బోల్టులు విప్పి హ్యాండిల్‌ని మెల్లగా పక్కకి వదలండి, కేబుళ్ళ మీద బరువు పడకుండా. తర్వాత వెనక రెండు బోల్టులు లూజ్, ఆ పైన టాప్ క్యాప్ తియ్యండి. స్టెమ్ పైకి లాగి తిప్పి పెట్టండి, స్పేసర్లు ఎన్ని ఉన్నాయో అన్నీ మళ్ళీ వెయ్యండి. ఒక్కటి మిగిలిపోయినా టాప్ క్యాప్ సరిగ్గా కూర్చోదు.

బిగించే వరస ముఖ్యం. హ్యాండిల్‌ని ముందు స్టెమ్‌కి పెట్టి, బ్రేక్ లీవర్ల కోణం చూసుకుని, నాలుగు బోల్టులు ఎక్స్ ఆకారంలో కొంచెం కొంచెంగా తిప్పండి. మీ స్టెమ్ ప్లేట్ ఒక పక్క పూర్తిగా ఆనే డిజైన్ కాకపోతే, పైనా కిందా సందు సమానంగా ఉండాలి. తర్వాత టాప్ క్యాప్. ఇది బలంగా కాదు, ఊగుడు పోయేంత వరకే. ఆ తర్వాత స్టెమ్‌ని ముందు చక్రానికి తిన్నగా చూసుకుని, చివరిగా వెనక రెండు బోల్టులు. అవి బిగించాక టాప్ క్యాప్‌ని ఎంత తిప్పినా ఉపయోగం లేదు, స్టెమ్ కదలదు.

ఎంత బిగించాలి? స్టెమ్ మీదే రాసి ఉంటుంది, చాలావాటికి 5 న్యూటన్ మీటర్ల దగ్గర. టార్క్ రెంచ్ ఉంటే అదే వాడాలి, కార్బన్ భాగాలుంటే తప్పనిసరి. 5 అంటే ఎంతో చెప్పాలంటే, 10 సెంటీమీటర్ల అలెన్ కీ చివర 5 కిలోల కూరగాయల సంచీ వేలాడదీస్తే వచ్చే బలం. మనం టైట్ అనుకునేదాని కంటే అది తక్కువ. మన వీధి చివరి షాపుల్లో మోటార్ సైకిల్‌కి వాడే బలమే దీనికీ వాడతారు, మర పోయేదాకా. కార్బన్ స్టీరర్‌కి గ్రీజు రాయకండి. కింద ఎన్ని స్పేసర్లు వేయొచ్చో కంపెనీ మాన్యువల్‌లో లిమిట్ ఉంటుంది, అది చూడకుండా పెంచకండి.

ముందు బ్రేక్ పట్టుకుని సైకిల్‌ని ముందుకి వెనక్కి ఊపండి, రెండో చేతి వేలు హెడ్‌సెట్ జాయింట్ మీద పెట్టి. టకటక కదిలినట్టు వేలికి తెలిస్తే టాప్ క్యాప్ చాలలేదు. వెనక బోల్టులు లూజ్ చేసి మళ్ళీ మొదలుపెట్టండి. తర్వాత ముందు చక్రం గాల్లోకి లేపితే హ్యాండిల్ దానంతటదే పక్కకి వాలాలి. పట్టి పట్టి తిరిగితే ఎక్కువ బిగించేశారు. ఆఖరికి హ్యాండిల్‌ని పూర్తిగా కుడికి, పూర్తిగా ఎడమకి తిప్పండి. ఏ కేబుల్ లాగినట్టు ఉండకూడదు. 2 సెంటీమీటర్లు లేపినప్పుడు కొన్ని సైకిళ్ళలో కేబుల్ సరిపోదు, మలుపులో గేర్ దానంతటదే మారిపోతుంది.

వైర్లు, బ్రేక్ పైపులు అన్నీ స్టెమ్ లోపలి నుంచి పోయే కొత్త మోడల్స్ ఉన్నాయి కదా, హ్యాండిల్, స్టెమ్ ఒకే ముక్కగా ఉండేవి. వాటి జోలికి ఇంట్లో వెళ్ళకండి. కోణం మార్చే ఛాన్సే ఉండదు, పైపులు తీయాల్సి వస్తే ఆయిల్ బ్లీడింగ్ దాకా పోతుంది. మంచి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళడమే.

మా వాడి సంగతి చెప్పలేదు కదూ. సీటు లెవెల్ చేసిన వారానికి తిమ్మిరి 40 కిలోమీటర్ల నుంచి 55 దగ్గరికి పోయింది. స్టెమ్ తిరగేశాం, డ్రాప్ 6.5కి వచ్చింది. అదృష్టవశాత్తూ పైన ఒక స్పేసర్ ఉంది, అది కూడా కిందికి వేస్తే 5.5. మెడ నొప్పి పూర్తిగా పోయింది, చేతులు మాత్రం 100 దాటాక మళ్ళీ మొదలు. అప్పుడు గమనిస్తే, మణికట్టు కిందికి వంచి లీవర్ గొట్టాలని పట్టుకుంటున్నాడు. హ్యాండిల్‌ని స్టెమ్‌లోనే కొద్దిగా పైకి తిప్పాం, ముంజేయి, అరచెయ్యి ఒకే గీతలోకి వచ్చాయి. టైర్లలో గాలి కొంచెం తగ్గించాం, మోచేతులు వదులుగా ఉంచమని చెప్పాను. 200 బ్రెవే 12 గంటల 40 నిమిషాల్లో పూర్తి చేశాడు. సైకిల్ అమ్మలేదు, నాకు బిర్యానీ బాకీ ఉన్నాడు.

అయితే ఎత్తు పెంచితే అన్నీ లాభాలే అనుకోవద్దు. బరువు చేతుల మీద తగ్గిందంటే సీటు మీద పెరిగిందని అర్థం. గుంతల దెబ్బలు నేరుగా వెన్నుకి వస్తాయి. ఘాట్‌లో నిటారు ఎక్కుడు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలికైపోతుంది. గాలి సంగతి సరేసరి, 30 స్పీడ్‌లో మీ శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఛాతీ ఎంత నిటారుగా ఉంటే అంత ఎదురుగాలి. అందుకే ఒక్కోసారి 10 మిల్లీమీటర్లు చొప్పున మారుస్తూ పొండి, ఎక్కడ చాలు అనిపిస్తే అక్కడ ఆపండి. స్పేసర్లన్నీ వేసి, స్టెమ్ తిప్పి, పొట్టి స్టెమ్ కూడా పెట్టినా ఇంకా చేతులు చాపాల్సి వస్తోందంటే, ఆ ఫ్రేమ్ మీ సైజు కాదు. అలాంటప్పుడు మాత్రం అమ్మేయడమే మంచిది. కొనేటప్పుడు ఎండ్యూరెన్స్ మోడల్ చూడండి. ఉదాహరణకి జెయింట్‌లో టీసీఆర్ రేసుల కోసం చేసింది, డిఫై ఎక్కువ దూరాలకి, దాని ముందు భాగమే ఎత్తుగా ఉంటుంది.

కొత్త ఎత్తుతో మొదటి రైడ్ ఇంటి చుట్టుపక్కలే చెయ్యండి, 5, 6 కిలోమీటర్లు, అలెన్ కీ జేబులో పెట్టుకుని. వచ్చాక ఆ ఆరు బోల్టులు ఇంకోసారి చెక్ చెయ్యండి. టేపు కొలతలు ఫోన్‌లో తేదీతో సహా రాసిపెట్టుకోండి, సర్వీసింగ్‌కి ఇచ్చి తెచ్చుకున్నాక పోల్చుకోవడానికి. నేను ఒకసారి ఇచ్చిన చోట స్పేసర్ ఒకటి పైకి వేసి పంపించారు, కొలత రాసి ఉండబట్టి తెలిసింది.

వచ్చే ఎపిసోడ్‌లో సీటు వెడల్పు గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.